నాలుగో కమ్మీ దగ్గర జీర

మగ్గం చప్పుడులో ఎక్కడైనా కాస్త తేడా వస్తే నాకు అన్నం సహించదు. పోగును అటూ ఇటూ మోసే నాడె అంచు అరిగిందా, అచ్చు పలక వదులైందా, పైన డిజైను తీసే జాకార్డులో అట్ట వంగిందా, ఏదో ఒకటి తేలేదాకా కుదురుగా కూర్చోలేను. ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని ముప్పై ఏళ్లకు పైగా పట్టుచీరలు నేసినవాణ్ని. చెవి అలా తయారైంది, దాని వెంటే కోపమూ పెరిగింది. నా భార్య ఈ రెండూ ఒకే జబ్బనేది. ఇప్పుడు అనాలన్నా ఆమెకు మాట లేదు.

పోయిన చలికాలంలో ఒక పొద్దున, ఎప్పటిలాగే ఆమె అంచు పక్కన కూర్చుని నాకు నాడె అందిస్తోంది. నాడె ఆమె చేతిలోంచి జారి గుంతలో పడింది. తీసి ఇచ్చాను. మళ్లీ పడింది. "ఏమే, కూచోని నిద్రపోతాండావా?" అని గట్టిగా కసిరాను. తల తిప్పి చూస్తే నోరు ఒక పక్కకు పోయి ఉంది, కళ్లు మాత్రం నన్నే చూస్తున్నాయి. ఆమె పడిపోతున్న నిమిషంలో నేను అన్న మాట అది. దాన్ని తలుచుకోకుండా నాకు ఒక్క రోజూ గడవదు.

ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. కాలు కొంత తిరిగి వచ్చింది, కర్ర పట్టుకుని వాకిలిదాకా నడుస్తుంది. కుడి చెయ్యి రాలేదు. మాట అసలే రాలేదు. మనం అనేదంతా అర్థమవుతుంది, తనకు కావలసింది కళ్లలో కనబడుతుంది, నోటిదాకా వచ్చేసరికి "ఊ" అన్నదొక్కటే. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్న సందడంతా ఆమె నోరే. పొద్దస్తమానం వాగుతావేమే అని విసుక్కున్నవాణ్ని నేనే. ఇప్పుడు పక్కింటి మరమగ్గాల మోత తప్ప ఇంట్లో ఏదీ వినపడదు.

అనంతపురం ఆసుపత్రిలో మాట నేర్పించే డాక్టరమ్మ ఒకామె ఉంది. చిన్న వయసు, ఓపిక ఎక్కువ. నా భార్యను గంటసేపు కూర్చోబెట్టి చూసి, నన్ను పక్కకు పిలిచింది.

"పెద్దాయనా, మాట పోయినవాళ్లలో కొందరికి పాట మిగిలి ఉంటుంది. మామూలుగా నోరు పెగలకపోయినా, పాటలో పెట్టి ఇస్తే మాట బయటికి వస్తుంది. ఆమెకు బాగా తెలిసిన పాట ఒకటి పట్టుకో. రోజూ అదే పాట, అదే తీరుగా. ఏమీ మార్చొద్దు" అంది.

నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఆమెకు అన్నిటికంటే బాగా తెలిసిన పాట నన్ను వెక్కిరించే పాట.

అది పుట్టింది మా పెళ్లయిన కొత్తలో. ఆమెది గుమ్మఘట్ట దగ్గరి పల్లె. వాళ్లింట్లో పడుగు మీద కొంగు ఎక్కడ మొదలు పెట్టాలో తెలియడానికి, ముందే కొలుచుకుని అంచు పోగుల మీద కుంకుమ చుక్క పెట్టుకుంటారు. నేస్తూ నేస్తూ ఆ చుక్క దగ్గరికి రాగానే ఎడమ చూపుడు వేలు పైకి లేపుతారు. ఆగు, వచ్చింది అని దానర్థం. మా ఇంట్లో రంగు దారం కట్టే అలవాటు. నాకు వాళ్ల పద్ధతి తెలియదు. తెల్లారి లేచి చూస్తే తెల్లటి పడుగు మీద ఎర్రటి మరక. పట్టు మీద మరక పడితే నేతగాడికి ఎలా ఉంటుందో చెప్పలేను. తడిగుడ్డ తెచ్చి, తిట్టుకుంటూ, రుద్దాను. మరక పోయింది. తడిసిన పోగులు ఒకదానికొకటి అంటుకుని ఏడో ఎనిమిదో పుటుక్కున తెగిపోయాయి. ఆ కోపం కూడా ఆమె మీదే చూపించాను. కొత్త పెళ్లికూతురు, ఏడుస్తుందనుకున్నాను. గడప మీద కూర్చుని, మోకాళ్లు కౌగిలించుకుని, రాగం తీసి పాడింది.

పోగు తెగె మామా, పోగు తెగె
నీ కోపానికే మామా, పోగు తెగె
అతకేసుకో మామా, అతకేసుకో
సద్ది తాగిపోయి అతకేసుకో

గుర్తు చెరిగిపోయి ఆ చీర కొంగు జానెడు పక్కకు జరిగింది. తర్వాతి చీర నుంచి మా మగ్గం మీదా కుంకుమ చుక్కే గుర్తయింది. పాట మాత్రం మా ఇంట్లో స్థిరపడింది. నేను ఎప్పుడు గొంతు పెంచినా సరే, పప్పులో ఉప్పు తక్కువైందని అయినా, నీళ్ల ట్యాంకరు రాలేదని అయినా, ఆమె ఈ పాట ఎత్తుకునేది. నాకు ఒళ్లు మండేది. రెండో వరుసకు వచ్చేసరికి నవ్వు వచ్చేది.

డాక్టరమ్మ పాట అనగానే నాకు బీరువా మీద పాతచీరలో చుట్టి పెట్టిన గిటారు గుర్తొచ్చింది. పెళ్లికి ముందు నాకు ఇంకో పిచ్చి ఉండేది. వినాయక చవితి పందిళ్లలో, పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాతో తిరిగి గిటారు వాయించేవాణ్ని. మగ్గం పెరిగింది, గిటారు పైకెక్కింది. కిందికి దించి దులిపి, కొత్త తీగలు తెప్పించి వేసి, శివరాత్రి వెళ్లిన రెండో రోజు నుంచి మొదలుపెట్టాను. సాయంత్రం నాలుగింటికి ఆమెను గోడకు ఆనించి కూర్చోబెట్టి, ఎదురుగా నేను. "పోగు తెగె" అని నేను అందుకోవడం, లావు తీగ ఒకసారి మీటడం, "మామా" అనడం. ఆ లావు తీగ మీటిన ప్రతిసారీ గిటారు గొంతులో జీర. జుర్‌ర్ మని, డొక్కు రేడియోలో వచ్చినట్టు.

మొదటి పదిరోజులు ఆమె ఊరికే విన్నది. తర్వాత పెదాలు కదిలాయి. ఒక సాయంత్రం, నేను "పోగు తెగె" అనకముందే ఆమె అంది. గరగరలాడే గొంతుతో, నాలుక తడబడుతూ, అయినా స్పష్టంగా. నేను ఆపేసి ఆమె వైపు చూశాను. ఆమే తల ఊపి కానివ్వమంది. లావు తీగ మీటాను. జుర్‌ర్ మంది. ఆమె నుదురు కాస్త ముడతపడింది, ఎడమ చూపుడు వేలు ఒడిలోంచి కొంచెం లేచింది. "మామా" అంది.

ఎన్నాళ్లకు విన్నానో ఆ పిలుపు. గిటారు పక్కన పడేసి గట్టిగా ఏడ్చాను. పక్కింటివాళ్లు మగ్గాలు ఆపి వచ్చారు, ఏమైందోనని.

పాట బయట ఆ మాట వచ్చేది కాదు. దాహమైతే "ఊ" అనే. గదిలోంచి నన్ను పిలవాలంటే కర్రతో నేల మీద కొట్టడమే. కానీ సాయంత్రం నాలుగింటికి, పాటలో, రోజుకు మూడుసార్లు నన్ను "మామా" అని పిలిచేది. నేను ఆ మూడు పిలుపుల కోసం బతికాను. ఇంకో నెలకు పాట దాటి కూడా మాట వస్తుందని డాక్టరమ్మ ఆశ పెట్టింది.

అక్కడితో ఉంటే నేను నేనెందుకవుతాను? జీర దగ్గర ఆమె నుదురు ముడతపడుతోంది కదా, వేలు లేస్తోంది కదా. ఆ పాడు చప్పుడు ఆమెకు ముల్లులా గుచ్చుకుంటోందని తీర్మానించుకున్నాను. అది తీసేస్తే మాట ఇంకా బాగా సాగుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే అంతకంటే ముందు నుంచే ఆ జీర నన్ను కాల్చుకు తింటోంది.

ముదిగుబ్బలో నాకు తమ్ముడి వరసవాడు ఒకడున్నాడు. ఆర్కెస్ట్రా రోజుల్లో నా పక్కన నిలబడి వాయించినవాడు, ఇప్పుడు ఆదివారాలు చర్చిలో గిటారు వాయిస్తాడు. ఫోను చేసి తీగ మోగించి వినిపించాను.

"ముందు వదులుగా ఉండేవన్నీ చూడన్నా. బిరడాల మరలు, తీగ కొసలు. ఒక్కోదాని మీద వేలు పెట్టి మీటు. యాడ పెడితే ఆగుతాదో ఆడుండాది రోగం" అన్నాడు.

ఒక్కొక్కటే వేలితో అదిమి చూశాను. ఎక్కడా ఆగలేదు. తీగను ఊరికే వదిలి మీటితే జీర లేదు. మొదటి గడిలో నొక్కితే లేదు, రెండో గడిలో లేదు. పాటలో నేను నొక్కే మూడో గడిలోనే వస్తోంది. నాలుగు నుంచి మళ్లీ లేదు. గిటారు మెడ మీద అడ్డంగా లోహపు కమ్మీలు ఉంటాయి, రెండు కమ్మీల నడుమ చోటే గడి. మూడో గడిలో నొక్కితే తీగ మూడో కమ్మీ మీద ఆని మోగాలి. మోగుతూ ఊగుతూ ఆ తర్వాతి కమ్మీకి తగులుతోందంటే, తప్పు మూడోదానిలో లేదు, నాలుగోదానిలో ఉంది.

"కట్టె ఎండిపోయి మెడ వెనక్కి వంగినా తగులుతాదన్నా. మన ఎండలకు మనుషులే వంగిపోతాండారు. ముందు దానికి కాస్త తేమ తగలనీ" అన్నాడు తమ్ముడు.

తేమ సంగతి నాకు చెప్పాలా? ఎండాకాలంలో పట్టుపోగు గాలికే తెగుతుంది. గుంతలో నీళ్లు చల్లి, తడి గోనెపట్టా పరిస్తే గానీ నేత సాగదు. మగ్గం ఎలాగూ ఆగిపోయి ఉంది. గుంతలో నీళ్లు చల్లి, గిటారును గోనెకు తగలకుండా వేలాడదీసి, ఐదు రోజులు పొద్దంతా ఉంచాను. సాయంత్రం తీసి పాటకు వాడటం, మళ్లీ పొద్దున వేలాడదీయడం. తాగే నీళ్లకే బిందెలు పట్టుకుని నిలబడే రోజుల్లో గిటారుకు నీళ్లు చల్లాను. మెడ కొంత సర్దుకుంది, మిగతా తీగలు నిండుగా మోగాయి. ఆ ఒక్క జీర పోలేదు. ఆ ఐదు రోజులూ ఆమె "మామా" అనడమూ మానలేదు.

గిటారు పొట్ట మీద తీగలు ఆనే తెల్లపట్టీ కింద జాకార్డు అట్ట ముక్క కోసి పెట్టి ఎత్తు పెంచాను. జీర సగమైంది, కానీ తీగలు వేళ్లను కోశాయి. అట్ట తీసేశాను. విరిగిన స్టీలు స్కేలు ముక్క తీసుకుని మూడు కమ్మీల మీద ఆనేలా నిలబెట్టి ఊపాను. సమంగా ఉంటే ఊగదు. మధ్యదానిగా నాలుగో కమ్మీ వచ్చినచోట టిక్ టిక్ మని ఊగింది. లావు తీగ వైపు చివర, కంటికి ఆనదు గానీ, కమ్మీ లేచి ఉంది. దొరికావురా అనుకున్నాను. పైకి కూడా అన్నాను. ఆమె గోడ దగ్గర కూర్చుని చూస్తోంది.

చెక్కముక్క అడ్డం పెట్టి చిన్న సుత్తితో తట్టాను. దిగినట్టే దిగి, చెయ్యి తీయగానే మళ్లీ లేచింది. ఇక అరగదీయడమే మిగిలింది. తమ్ముడికి చెప్పాను.

"వద్దన్నా. వదినమ్మ పాడతాండాది కదా. ఇంత చిన్న జీరకు ఎందుకప్పా అంత పట్టు? ఇది పోగు కాదు అతకేసుకునేదానికి. గీకినంక పోయినట్లే" అన్నాడు.

"నీకు తెల్దులేప్పా. ఆ సద్దుకు ఆమె మొగం ఎట్ల పెడతాదో నేను చూస్తాండా" అన్నాను.

మెడకు అటూ ఇటూ కాగితం అంటించి, సన్న ఆకురాయితో గీశాను. నాలుగు గీతలు, స్కేలు పెట్టి చూడటం. మళ్లీ నాలుగు. ఆమె కర్రతో నేల మీద కొట్టింది. తలెత్తి చూస్తే ఎడమ చెయ్యి అడ్డంగా ఊపుతోంది. ఆకురాయి చప్పుడు పళ్లు జివ్వుమనిపిస్తోంది కాబోలు అనుకున్నాను. "అయిపోయిందిలేవే, ఉండు" అన్నాను. ఆమె ఇంకోసారి కొట్టింది. నేను విసుక్కున్నాను కూడా. స్కేలు ఊగడం ఆగిపోయింది. గరుకు కాగితంతో కమ్మీ నెత్తిని గుండ్రంగా నున్న చేశాను. తీగ బిగించి మూడో గడిలో నొక్కి మీటాను.

ఏమి నాదం! నిండుగా, గంట మోగినట్టు. ఒక్క పోగు కూడా తెగని చీరను మడతపెట్టినప్పటి సంతోషం. ఆమె వైపు తిరిగి, చూశావా అన్నట్టు నవ్వాను.

నాలుగయింది. పాట మొదలుపెట్టాం. "పోగు తెగె" అంది ఆమె. నేను లావు తీగ మీటాను. వేలు కొంచెం లేచింది. పెదాలు కలిసి ఉన్నాయి, మా అనడానికి. అలాగే ఉండిపోయింది.

అలిసిపోయిందనుకున్నాను. మళ్లీ మొదటి నుంచి వాయించాను. "పోగు తెగె" దాకా వచ్చి ఆగింది. నేను మీటాను, మీటాను, గట్టిగా మీటాను. ఆమె నా చేతి వైపు చూస్తోంది, దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు. కాసేపటికి కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆమెకా, నాకా అంటే, ఇద్దరికీ.

మర్నాడూ అంతే. వారం రోజులూ అంతే. డాక్టరమ్మకు ఫోను చేశాను.

"ఏమైనా మార్చావా పెద్దాయనా?" అని అడిగింది.

"పాట అదేనమ్మా, మాటలు అవే" అన్నాను. తర్వాత ఉండబట్టలేక గిటారు సంగతి చెప్పాను.

"ఆ చప్పుడును పట్టుకునే ఆమె ఆ మాట దగ్గరికి పోతూ ఉండొచ్చు. ఖచ్చితంగా చెప్పలేం. మెల్లగా మళ్లీ రావచ్చు" అంది. రాకపోవచ్చని అనలేదు, మంచి మనిషి.

ఫోను పెట్టేసి గుంత అంచున కూర్చున్నాను. వేలు లేపడం ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను కదా. పడుగు మీద కుంకుమ చుక్క వచ్చిన ప్రతిసారీ నా పక్కన ఆ వేలే కదా లేచింది. ఆగు, వచ్చింది అని. ఊరందరికీ తెలియకపోవచ్చు, గిటారు వాయించే తమ్ముడికి తెలియకపోవచ్చు. నాకు తెలియాలి. కొత్తపెళ్లికొడుకుగా మరక అనుకుని రుద్దినవాణ్ని, తల నెరిశాక మళ్లీ అదే పని చేశాను. అప్పుడు ఆమె నోరు తెరిచి పాట కట్టింది. ఇప్పుడు కర్రతో కొట్టి, చెయ్యి ఊపి, తనకు చేతనైనంతా చెప్పింది. నేను విసుక్కున్నాను.

ఆ జీరను తిరిగి తేవడానికి చేయని పని లేదు. తీగను వదులు చేశాను. బొత్తిగా వేరే చప్పుడు వచ్చింది. తంబుర తీగ కింద దారం పెడతారని గుర్తొచ్చి, తెల్లపట్టీ దగ్గర పట్టుపోగు పెట్టాను. ప్రతి స్వరానికీ జీర వచ్చింది, ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. అరగదీసిన చోట జరీ పోగు అతికించాను. రెండుసార్లు మీటేసరికి ఊడిపోయింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నోటితో కూడా జుర్‌ర్ మన్నాను. ఆమె జాలిగా చూసింది. తమ్ముడు ముదిగుబ్బ నుంచి బస్సులో వచ్చి, పాత కమ్మీ పెరికి కొత్తది కొట్టి ఇచ్చాడు. అదీ నున్నగా, శుభ్రంగా మోగింది. వాడు ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది.

వానాకాలం వచ్చిందన్నారు, రెండు జల్లులు పడి పోయాయి. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. దాని పడుగు మీద ఆమె కుడి చెయ్యి బాగున్నప్పుడు పెట్టిన చివరి కుంకుమ చుక్క ఉంది. దాని జోలికి నేను పోను.

పాట మానలేదు. రోజూ నాలుగింటికి గోడకు ఆనించి కూర్చోబెడతాను. "పోగు తెగె" అంటుంది. ఆగుతుంది. నేను లావు తీగ మీటుతాను. ఏ తప్పూ లేకుండా మోగుతుంది. ఆమె వేలు లేచి, లేచినట్టే ఉంటుంది, కళ్లు నా చేతి మీద. అలా ఎంతసేపని చూడను? చివరికి ఆ మాట మూడుచోట్లా నేనే అంటాను, "మామా" అని. వేలు దిగుతుంది. మిగిలిన పాట ఆమె పాడుతుంది.